విలియం హెర్షెల్

ఫ్రెడరిక్ విలియం హెర్షెల్ (నవంబర్ 15, 1738 - ఆగష్టు 25, 1822) నేటి జర్మనీలోని హానోవర్ నగరంలో జన్మించి, ఇంగ్లాండులో స్థిరపడిన సుప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త, దూరదర్శినుల నిర్మాత మరియు సంగీత విద్వాంసుడు. 1781లో యురేనస్ గ్రహాన్ని, 1800లో పరారుణ కిరణాలను ఇతడు కనుగొన్నాడు. సుమారు 2,500 నీహారికలను, తారాగుచ్ఛాలను పట్టికలలో నమోదు చేశాడు. పాలపుంత ఆకారాన్ని నక్షత్రాల లెక్కింపు ద్వారా నిర్ణయించడానికి ప్రయత్నించిన మొదటి శాస్త్రవేత్త ఇతడే. అతి దూరపు గెలాక్సీలలో కంటికి కనిపించని చల్లని ధూళిని పరారుణ కాంతిలో పరిశీలించిన ఐరోపా అంతరిక్ష దూరదర్శినికి ఇతని పేరే పెట్టారు.

బాల్యం

హెర్షెల్ తండ్రి ఐజాక్ హెర్షెల్ హానోవర్ సైనిక వాద్యబృందంలో ఓబో అనే సుషిర వాద్యాన్ని వాయించేవాడు. తల్లి పేరు అన్నా ఇల్సే మోరిట్జెన్. తండ్రి తన సంతానానికి సంగీతంతో పాటు తత్వశాస్త్రం, ఖగోళ విషయాలపై కూడా ఆసక్తి కలిగించాడు. విలియం 14 ఏళ్ళ వయసులోనే తండ్రి పనిచేస్తున్న వాద్యబృందంలో చేరాడు. అప్పట్లో హానోవర్ పాలకుడే ఇంగ్లాండుకు కూడా రాజు. ఆ కారణంగా 1756లో ఆ సైనిక దళం కొంతకాలం ఇంగ్లాండులో ఉండవలసి వచ్చింది. విలియం ఆంగ్ల భాష నేర్చుకోవడానికి ఈ ప్రయాణం ఉపయోగపడింది.

1757 జూలైలో హాస్టెన్‌బెక్ వద్ద ఫ్రెంచి సేనల చేతిలో హానోవర్ పక్షం ఓడిపోయింది. ఆ యుద్ధం తరువాత తల్లిదండ్రులు విలియంను సైన్యం నుండి తప్పించారు. అదే సంవత్సరం చివరలో ఇతడు అన్న జేకబ్‌తో కలిసి ఇంగ్లాండు చేరాడు. అప్పటికి ఇతని వయసు 19 సంవత్సరాలు.

సంగీత జీవితం

లండనులో మొదట సంగీత ప్రతులను నకలు వ్రాసి పొట్ట పోసుకున్న హెర్షెల్ 1760లో డర్హం ప్రాంతపు సైనిక వాద్యబృందానికి నాయకుడయ్యాడు. తరువాత లీడ్స్ నగరంలో కచేరీల నిర్వాహకుడిగా పనిచేశాడు. 1766లో బాత్ నగరంలోని ఆక్టగన్ ప్రార్థనా మందిరంలో ఆర్గన్ వాద్యకారుడిగా కుదురుకున్నాడు. ఇతడు 24 సింఫనీలు, అనేక ఇతర సంగీత రచనలు చేశాడు. సంగీత పాఠాలు, కచేరీల వలన మంచి ఆదాయం వచ్చేది.

1772 ఆగష్టులో హెర్షెల్ హానోవర్ వెళ్ళి తన చెల్లెలు కరోలిన్ హెర్షెల్‌ను బాత్ నగరానికి తీసుకువచ్చాడు. 1750లో జన్మించిన కరోలిన్‌కు చిన్నతనంలో వచ్చిన జ్వరం వలన శరీర ఎదుగుదల ఆగిపోయింది. ఇంటిపనికే ఆమెను పరిమితం చేయాలని తల్లి భావించింది. అన్న వద్ద సంగీతం నేర్చుకుని కరోలిన్ గాయనిగా పేరు తెచ్చుకున్నది. అన్న దృష్టి ఆకాశం వైపు మళ్ళినపుడు ఆమె కూడా ఆ మార్గంలోనే నడిచింది.

దూరదర్శినుల నిర్మాణం

సంగీత సిద్ధాంతాన్ని అధ్యయనం చేస్తున్న హెర్షెల్ రాబర్ట్ స్మిత్ వ్రాసిన స్వరశాస్త్ర గ్రంథం నుండి అదే రచయిత వ్రాసిన కాంతిశాస్త్ర గ్రంథానికి చేరుకున్నాడు. 1773లో జేమ్స్ ఫెర్గూసన్ ఖగోళ గ్రంథాన్ని కొని చదివాడు. మంచి దూరదర్శిని కొనడానికి స్తోమత చాలక, దర్పణాలను తానే తయారు చేయడం మొదలుపెట్టాడు. రాగి, తగరం కలిపి పోతపోసిన లోహపు బిళ్ళను గంటల తరబడి అరగదీసి, మెరుగుపెట్టి పుటాకార దర్పణంగా మలచేవాడు. మెరుగు పెట్టేటపుడు మధ్యలో చేయి ఆపితే దర్పణం పాడవుతుంది. అటువంటి సమయాలలో కరోలిన్ అన్నకు ఆహారం నోటికి అందించేది.

1781 ఆగష్టులో పెద్ద దర్పణం కోసం ఇంటి నేలమాళిగలో పోత పోస్తుండగా కరిగిన లోహం కొలిమి నుండి బయటకు పొంగింది. ఆ వేడికి నేలపై పరచిన రాళ్ళు పగిలి ఎగిరిపడ్డాయి. హెర్షెల్, పనివారు ప్రాణాలు దక్కించుకోవడానికి పరుగు తీయవలసి వచ్చింది. ఇన్ని కష్టాలు పడినప్పటికీ ఇతని దర్పణాలు ఆ కాలంలో అత్యుత్తమమైనవిగా గుర్తింపు పొందాయి.

యురేనస్ ఆవిష్కరణ

1781 మార్చి 13 రాత్రి బాత్ నగరంలో, న్యూ కింగ్ వీధిలోని తన ఇంటి తోట నుండి హెర్షెల్ 6.2 అంగుళాల దర్పణం గల దూరదర్శినితో నక్షత్రాలను పరిశీలిస్తున్నాడు. ఒక చుక్క మిగిలిన నక్షత్రాల వలె బిందువుగా కాక చిన్న బిళ్ళ వలె కనిపించింది. కొద్ది రోజులలో అది స్థానం మారినట్లు గమనించి, తోకచుక్క అని భావించి ఆ సంగతిని ప్రకటించాడు. అయితే ఆండర్స్ లెక్సెల్ మొదలైన గణితవేత్తలు దాని కక్ష్య దాదాపు వృత్తాకారమని, శని కంటే సుమారు రెట్టింపు దూరంలో ఉన్నదని లెక్కకట్టారు. అది ఒక కొత్త గ్రహమని తేలింది. ప్రాచీన కాలం నుండి తెలిసిన గ్రహాలకు అదనంగా మరొక గ్రహాన్ని మానవుడు కనుగొనడం ఇదే ప్రథమం.

హెర్షెల్ ఈ గ్రహానికి మూడవ జార్జి రాజు పేరు పెట్టాడు. ఇతర దేశాల వారు ఆ పేరును అంగీకరించలేదు. జర్మను శాస్త్రవేత్త యోహాన్ బోడే సూచించిన యురేనస్ అనే పేరు కాలక్రమేణా స్థిరపడింది. హెర్షెల్‌కు 1781లో రాయల్ సొసైటీ కోప్లే పతకం, సభ్యత్వం లభించాయి. 1782లో రాజు ఇతనికి సంవత్సరానికి 200 పౌన్ల భృతి ఏర్పాటు చేశాడు. ఇది సంగీతం వలన వచ్చే ఆదాయం కంటే తక్కువే అయినప్పటికీ, హెర్షెల్ సంగీత వృత్తిని వదలి విండ్సర్ కోట సమీపంలోని డాచెట్‌కు, చివరకు 1786లో స్లౌ గ్రామానికి మారాడు. కొరత తీర్చుకోవడానికి దూరదర్శినులు తయారు చేసి అమ్మేవాడు.

నభోమండల పరిశోధన

1783 నుండి దాదాపు 20 సంవత్సరాల పాటు హెర్షెల్ 20 అడుగుల పొడవు, 18.7 అంగుళాల దర్పణం గల దూరదర్శినితో ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా గాలించాడు. అన్న దూరదర్శిని వద్ద నిలబడి చూసిన దానిని బిగ్గరగా చెప్పగా, కరోలిన్ గడియారం చూసి, స్థానం లెక్కగట్టి, వివరాలు వ్రాసుకొనేది. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తుతూ జారిన ఆమె కాలిలో దూరదర్శిని యంత్రానికి ఉన్న ఇనుప కొక్కెం దిగబడి తీవ్ర గాయమైనది. ఈ శ్రమ ఫలితంగా 1786, 1789 మరియు 1802 సంవత్సరాలలో మూడు పట్టికలు వెలువడ్డాయి. ఇతని కుమారుడు జాన్ హెర్షెల్ విస్తరించిన ఈ పట్టికలే 1888లో వెలువడిన ఎన్.జి.సి. పట్టికకు ప్రధాన ఆధారమయ్యాయి.

హెర్షెల్ జంట తారలను కూడా వందల సంఖ్యలో నమోదు చేశాడు. ఒకే దిశలో ఉండడం వలన దగ్గరగా కనబడుతున్నాయని భావించిన కొన్ని జంటలు నిజానికి ఒకదాని చుట్టూ మరొకటి తిరుగుతున్నాయని 1803లో నిరూపించాడు. మిథున రాశిలోని క్యాస్టర్ వీటిలో ఒకటి. న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతం సౌరకుటుంబానికి వెలుపల కూడా వర్తిస్తుందనడానికి ఇది ముఖ్యమైన ఆధారం. సూర్యుడు తన కుటుంబంతో సహా హెర్క్యులిస్ రాశి దిశగా పయనిస్తున్నాడని 1783లో ఇతడు తెలిపాడు. యురేనస్ ఉపగ్రహాలైన టైటానియా, ఓబెరాన్‌లను 1787లోను, శని ఉపగ్రహాలైన ఎన్సెలడస్, మిమాస్‌లను 1789లోను కనుగొన్నాడు.

రాజు ఇచ్చిన 4,000 పౌన్ల సహాయంతో హెర్షెల్ 40 అడుగుల పొడవు, 48 అంగుళాల దర్పణం గల దూరదర్శినిని 1789లో పూర్తి చేశాడు. అప్పటికి ప్రపంచంలో అదే అతి పెద్దది. అయితే దానిని కదిలించడం కష్టంగా ఉండేది, దర్పణం త్వరగా మెరుపు కోల్పోయేది. అందువలన హెర్షెల్ ఎక్కువగా పాత 20 అడుగుల దూరదర్శినినే వాడుకున్నాడు.

ఆకాశంలో ఖాళీలు

పాలపుంత ఆకారాన్ని తెలుసుకోవడానికి హెర్షెల్ వివిధ దిశలలో దూరదర్శినిలో కనబడే నక్షత్రాలను లెక్కించాడు. నక్షత్రాలు అంతటా ఇంచుమించు సమానంగా పరచుకొని ఉన్నాయని, తన దూరదర్శిని పాలపుంత అంచుల వరకు చూడగలదని అనుకుని, నక్షత్రాలు ఎక్కువగా ఉన్న దిశలో పాలపుంత ఎక్కువ దూరం వ్యాపించి ఉన్నదని భావించాడు. 1785లో ప్రచురించిన ఈ పటంలో పాలపుంత బల్లపరుపుగా ఉండి, సూర్యుడు దాని మధ్య భాగానికి సమీపంలో ఉన్నాడు. బల్లపరుపు ఆకారం సరియైనదే. సూర్యుని స్థానం మాత్రం సరికాదు.

ఈ పరిశీలనలలోనే వృశ్చిక రాశి వద్ద సుమారు 4 డిగ్రీల వెడల్పున నక్షత్రాలు దాదాపు లేని ప్రదేశం హెర్షెల్‌కు కనిపించింది. దాని అంచున ఎంతో దట్టమైన ఒక తారాగుచ్ఛం ఉన్నది. గురుత్వాకర్షణ వలన ఆ ప్రాంతపు నక్షత్రాలన్నీ గుచ్ఛంలోకి చేరిపోయి వెనుక ఖాళీ మిగిలిందని ఇతడు ఊహించాడు. తాను చూస్తున్నది ఖాళీ కాదని, వెనుక ఉన్న నక్షత్రాలను మరుగుపరచే ధూళి మేఘమని హెర్షెల్‌కు తెలియదు. కరోలిన్ వృద్ధాప్యంలో కూడా ఈ ప్రదేశాన్ని మరచిపోక, దక్షిణాఫ్రికాలో పరిశీలనలకు సిద్ధమవుతున్న మేనల్లుడు జాన్‌కు దానిని మళ్ళీ చూడమని ఉత్తరం వ్రాసింది.

ఇటువంటి నల్లని ప్రాంతాలను ఎడ్వర్డ్ బార్నార్డ్ ఫోటోలు తీసి 1919లో పట్టిక ప్రచురించాడు. నక్షత్రాల మధ్య ప్రదేశమంతటా కాంతిని మందగింపజేసే పదార్థం వ్యాపించి ఉన్నదని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నిరూపించాడు. హెర్షెల్ పటంలో సూర్యుడు మధ్యలో ఉన్నట్లు కనబడడానికి ముఖ్య కారణం ఈ ధూళియే. పొగమంచులో నిలబడిన మనిషికి అన్నివైపులా ఒకే దూరం కనిపించి, తానే మధ్యలో ఉన్నట్లు తోస్తుంది. హెర్షెల్ విషయంలోనూ అదే జరిగింది.

పరారుణ కిరణాల ఆవిష్కరణ

సూర్యబింబాన్ని పరిశీలించేటపుడు కంటికి రక్షణగా హెర్షెల్ వివిధ రంగుల గాజు పలకలను వాడేవాడు. కొన్ని పలకల నుండి వెలుతురు తక్కువగా వచ్చినా వేడి ఎక్కువగా తగలడం, మరికొన్నింటి నుండి వెలుతురు వచ్చినా వేడి అంతగా లేకపోవడం గమనించాడు. ఒక్కొక్క రంగు ఎంత వేడిని కలిగిస్తుందో కొలవాలనే ఆలోచన దీని వలన కలిగింది.

1800లో ఇతడు సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపి ఏర్పడిన వర్ణపటంలో ఉష్ణమాపకాలను ఉంచాడు. వేడిని బాగా గ్రహించడానికి వాటి బుడ్డీలకు నలుపు పూశాడు. ఒక ఉష్ణమాపకాన్ని రంగులో ఉంచి, మిగిలిన వాటిని పోల్చి చూడడానికి పక్కన నీడలో ఉంచాడు. ఉష్ణోగ్రత ఊదా రంగులో సుమారు 2 ఫారెన్‌హీట్ డిగ్రీలు, ఆకుపచ్చలో మూడుంపావు డిగ్రీలు, ఎరుపులో దాదాపు 7 డిగ్రీలు పెరిగింది. ఎరుపు అంచు దాటిన తరువాత, కంటికి ఏ వెలుగూ కనబడని చోట, ఉష్ణోగ్రత ఇంకా ఎక్కువగా పెరిగింది. సూర్యుని నుండి కంటికి కనబడని కిరణాలు కూడా వస్తున్నాయని ఇతడు గ్రహించాడు. గాజు పట్టకం ఎరుపు వైపు కిరణాలను దగ్గరగా, ఊదా వైపు కిరణాలను దూరదూరంగా పరుస్తుంది. అత్యధిక ఉష్ణోగ్రత ఎరుపుకు అవతల నమోదు కావడానికి ఇది కూడా ఒక కారణం.

ఈ కిరణాలు కాంతి వలెనే పరావర్తనం, వక్రీభవనం చెందుతాయని హెర్షెల్ ప్రయోగాల ద్వారా చూపించాడు. అయినప్పటికీ కాంతి, ఉష్ణం వేరువేరు అనే నిర్ణయానికి వచ్చాడు. రెండూ ఒకే రకమైన తరంగాలని, తరంగదైర్ఘ్యంలోనే తేడా ఉన్నదని 19వ శతాబ్దంలో ఇతర శాస్త్రవేత్తల కృషి వలన తేలింది. ఎరుపుకు ఆవల ఉండడం వలన వీటిని తెలుగులో పరారుణ కిరణాలు అంటారు.

దూర గెలాక్సీలలో చల్లని ధూళి

హెర్షెల్ ఖాళీ అనుకున్న ధూళిని చూపించగల సాధనం ఇతడే కనుగొన్న పరారుణ కాంతి. ఈ రెండింటికీ గల సంబంధం ఇతని మరణానంతరం ఒక శతాబ్దానికి పైగా గడచిన తరువాత గాని స్పష్టం కాలేదు.

గెలాక్సీలలోని ధూళి కణాలు సాధారణంగా ఒక మైక్రోమీటరు కంటే చిన్నవి. ఇవి ముఖ్యంగా సిలికేట్లు, కార్బన్‌లతో ఏర్పడతాయి. నక్షత్రాల మధ్య ఉండే పదార్థంలో ధూళి ద్రవ్యరాశి సుమారు 1 శాతం మాత్రమే. అయినా అప్పుడే పుట్టిన నక్షత్రాల అతినీలలోహిత కాంతిని, దృశ్యకాంతిని ఈ ధూళి పీల్చుకుంటుంది. దాని వలన కొద్దిగా వేడెక్కి, ఆ శక్తిని పరారుణ కిరణాలుగా వెదజల్లుతుంది. ధూళి ఉష్ణోగ్రత 30 కెల్విన్లు, అనగా సున్నాకు దిగువన 243 సెల్సియస్ డిగ్రీలు ఉంటే, ఆ కిరణాల తీవ్రత సుమారు 100 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద గరిష్ఠంగా ఉంటుంది. విశ్వవ్యాకోచం వలన దూర గెలాక్సీల కాంతి తరంగాలు సాగుతాయి. మూడు రెట్లు సాగిన తరంగం మనకు 300 మైక్రోమీటర్ల వద్ద చేరుతుంది.

1983లో ప్రయోగించిన ఐరాస్ ఉపగ్రహం దృశ్యకాంతిలో మసకగా ఉండి, పరారుణంలో దేదీప్యమానంగా వెలిగే గెలాక్సీలను పెద్ద సంఖ్యలో గుర్తించింది. వీటిలో కొన్నింటి పరారుణ ప్రకాశం లక్ష కోట్ల సూర్యుల ప్రకాశాన్ని మించుతుంది. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220 ఇందుకు ఉదాహరణ. హవాయి దీవిలోని మౌనా కియా శిఖరంపై ఉన్న జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దూరదర్శినికి అమర్చిన స్కూబా పరికరం 1997 నుండి 850 మైక్రోమీటర్ల వద్ద మరింత దూరపు ధూళి గెలాక్సీలను కనుగొన్నది. వీటిలో అనేకం సుమారు 1,000 కోట్ల సంవత్సరాల క్రితపు గెలాక్సీలు. పాలపుంతలో సంవత్సరానికి ఒకటి రెండు సూర్యులకు సమానమైన పదార్థం నక్షత్రాలుగా మారుతుండగా, ఇటువంటి గెలాక్సీలలో వందల సూర్యులకు సరిపడే పదార్థం మారుతుంది.

2009 మే 14న ఐరోపా అంతరిక్ష సంస్థ హెర్షెల్ అంతరిక్ష దూరదర్శినిని ప్రయోగించింది. దీని దర్పణం వ్యాసం 3.5 మీటర్లు. 55 నుండి 672 మైక్రోమీటర్ల వరకు గల కిరణాలను ఇది పరిశీలించింది. ఇందులోని బోలోమీటర్లు తమపై పడిన కిరణాలను పీల్చుకొని, తమ ఉష్ణోగ్రతలోని స్వల్పమైన పెరుగుదలను కొలుస్తాయి. 1800లో నలుపు పూసిన ఉష్ణమాపకం చేసిన పని కూడా ఇదే. తేడా ఏమిటంటే, ఈ బోలోమీటర్లను 0.3 కెల్విన్ల వరకు చల్లబరచవలసి వచ్చింది. శీతలీకరణకు వాడిన ద్రవ హీలియం 2013 ఏప్రిల్ 29న అయిపోవడంతో పరిశీలనలు ముగిశాయి. అంతకు ముందే ఈ దూరదర్శిని లక్షలాది ధూళి గెలాక్సీలను నమోదు చేసింది. వాటిలో ఒకటైన హెచ్.ఎఫ్.ఎల్.ఎస్.3 నుండి మనకు చేరిన కాంతి మహావిస్ఫోటనం తరువాత సుమారు 88 కోట్ల సంవత్సరాలకు బయలుదేరినది.

హెర్షెల్, కరోలిన్ చూసిన వస్తువులలోనే ఇటువంటి ధూళి దాగి ఉన్నది. కరోలిన్ 1783లో కనుగొన్న ఎన్.జి.సి. 253, విలియం 1785లో కనుగొన్న హస్త నక్షత్రమండలంలోని ఎన్.జి.సి. 4038, 4039 గెలాక్సీల జంట పరారుణంలో బాగా ప్రకాశిస్తాయి. 1790లో వృషభ రాశిలో విలియం చూసిన ఎన్.జి.సి. 1514 నీహారిక మధ్యలో ఒక నక్షత్రం స్పష్టంగా కనబడింది. దీని వలన నీహారికలన్నీ తారాగుచ్ఛాలే అనే అభిప్రాయాన్ని ఇతడు మార్చుకున్నాడు. అదే నీహారిక చుట్టూ ధూళి వలయాలు ఉన్నట్లు 2010లో వైజ్ ఉపగ్రహం తీసిన పరారుణ చిత్రాలు చూపించాయి.

కుటుంబం, చివరి రోజులు

1788లో హెర్షెల్ మేరీ పిట్ అనే వితంతువును వివాహమాడాడు. వీరి ఏకైక కుమారుడు జాన్ 1792లో జన్మించాడు. కరోలిన్‌కు 1787 నుండి రాజు సంవత్సరానికి 50 పౌన్ల వేతనం ఇచ్చాడు. ఆమె 1786-1797 మధ్య కాలంలో 8 తోకచుక్కలను కనుగొన్నది.

హెర్షెల్ అభిప్రాయాలలో కొన్ని తరువాతి కాలంలో నిలబడలేదు. సూర్యుని లోపలి భాగం చల్లగా ఉండి, జీవులకు నివాసయోగ్యంగా ఉంటుందని ఇతడు నమ్మాడు. వృద్ధాప్యంలో తన పాలపుంత పటాన్ని తానే సందేహించాడు. పెద్ద దూరదర్శిని వాడిన కొద్దీ కొత్త నక్షత్రాలు కనబడుతూనే ఉండడంతో పాలపుంత అంచు తనకు అందలేదని ఒప్పుకున్నాడు.

1816లో ఇతనికి గుయెల్ఫిక్ బిరుదు లభించింది. 1820లో స్థాపించిన లండన్ ఖగోళ సంఘానికి ఇతడు మొదటి అధ్యక్షుడు. 1822 ఆగష్టు 25న, 83 ఏళ్ళ వయసులో స్లౌలో మరణించాడు. సమీపంలోని అప్టన్ గ్రామపు సెయింట్ లారెన్స్ చర్చిలో ఇతని సమాధి ఉన్నది. కరోలిన్ హానోవర్ తిరిగి వెళ్ళి, అన్న కనుగొన్న నీహారికలను కొత్త క్రమంలో పట్టికగా కూర్చింది. ఈ కృషికి 1828లో ఖగోళ సంఘం ఆమెకు స్వర్ణపతకం ఇచ్చింది. ఆమె 1848లో మరణించింది.

జాన్ హెర్షెల్ 1834 నుండి 1838 వరకు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం నుండి దక్షిణాకాశాన్ని పరిశీలించి తండ్రి పనిని పూర్తి చేశాడు. విలియం మనుమలలో ఒకడైన జాన్ హెర్షెల్ భారతదేశంలో సైనిక ఇంజనీరుగా పనిచేశాడు. గుంటూరు నుండి ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ పరిశీలించిన 1868 ఆగష్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఇతడు నేటి కర్ణాటకలోని జమఖండి నుండి వర్ణపటదర్శినితో పరిశీలించాడు.

బాత్ నగరంలో యురేనస్‌ను కనుగొన్న ఇంటిని హెర్షెల్ సంగ్రహాలయంగా మార్చారు. మిమాస్ ఉపగ్రహంపై ఉన్న అతి పెద్ద బిలానికి, చంద్రునిపైన, కుజునిపైన ఒక్కొక్క బిలానికి ఇతని పేరు పెట్టారు.